వ్రాసిన స్వరము – మ్రోగిన స్వరము

పదిమంది కూడి ఒక పాటను పాడునప్పుడు అందరును ఒకే పుస్తకమును చూచిన చాలును. పదిమంది పది వాద్యములను వాయించునప్పుడు మాత్రము అందరికిని ఒకే కాగితము నిచ్చుటవలన మేలునకు బదులు కీడు కలుగవచ్చును. ఫ్లూటు వాయించు బాలిక, క్లారినెట్ వాయించు బాలుడు, ఆల్టో శాక్సఫోన్ వాయించు మరియొక బాలుడు ఒకే కాగితమును ముందుంచుకొని, అందలి స్వరములనే ఒక్క తప్పును లేకుండ వాయించిరనుకొనుడు. అప్పటికిని మూడు వేర్వేరు శ్రుతులలో మూడు పాటలు ఒకేసారి మ్రోగినట్లుండును. వినువారు చెవులు మూసికొందురు. వాయించినవారియందు దోషము లేదు. వాద్యములయందును దోషము లేదు. దోషమంతయు కాగితమునందే కలదు. ఇట్లేల జరుగును? స్వరలిపిని వ్రాయు కంప్యూటరు సాధనములతో పనిచేయునప్పుడు దీనిని ఎట్లు నివారింపవలెను? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మన చందానగరమువారికి ఈ పాఠము మిక్కిలి తగినది. మన స్టేషనులో స్థానికపు రైలు నెక్కినచో హఫీజ్‌పేట తరువాత వచ్చునది హైటెక్ సిటీ స్టేషను. 1998వ సంవత్సరమున అచ్చట సైబర్ టవర్స్ ప్రారంభమైనది మొదలు ఈ ప్రాంతమంతయు కంప్యూటరు పనులకు నిలయమైనది. మన విద్యార్థుల తలిదండ్రులలో ననేకులు ఆ పనులయందే యున్నారు. అదే చందానగరపు వీధులలో పెండ్లి ముహూర్తముల కాలమున ట్రంపెట్టులు, క్లారినెట్లు, శాక్సఫోనులు గల బ్యాండు మేళములు ఊరేగింపుల ముందు నడచుచుండును. కంప్యూటరు నెరిగిన కుటుంబములును, బ్యాండు వాద్యముల నెరిగిన కుటుంబములును ఒకే ఊరిలో నున్నవి. వీరి బిడ్డలు ఒకే బల్లమీద కూర్చుండి చదువుకొనుచున్నప్పుడు, ఒకరి విద్య మరియొకరికి ఉపయోగపడవలెను గదా!

1. షడ్జమునకు ఒకే స్థానము లేదు

ఈ విషయము మనకు పూర్తిగా క్రొత్తది కాదు. మన దేశపు గాయకుని "మీ శ్రుతి యెంత?" అని యడిగినచో, "ఒకటిన్నర" యనియో, "నాలుగు" అనియో, "ఐదున్నర" యనియో చెప్పును. హార్మోనియముమీద తెల్లని మెట్లకు వరుసగా 1, 2, 3, 4, 5, 6, 7 అనియు, వాటి నడుమనున్న నల్లని మెట్లకు 1½, 2½, 4½, 5½, 6½ అనియు సంఖ్యలు కలవు. పాశ్చాత్యులు సి యనునది మనకు 1, డి యనునది 2, ఇ యనునది 3, ఎఫ్ 4, జి 5, ఎ 6, బి 7. గాయకుడు తన గొంతునకు అనుకూలమైన మెట్టును షడ్జముగా గ్రహించి, అచ్చటనుండి స రి గ మ పాడుకొనును. కాబట్టి "స" అనుమాటకు లోకమంతటికిని ఒకే ధ్వని లేదు. పాడువానిని బట్టి "స" మారుచుండును.

మన స్వరలిపియు నిట్టిదే. సుబ్బరామ దీక్షితులవారు 1904వ సంవత్సరమున ఎట్టయపురమునుండి తెలుగులిపిలో ప్రకటించిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిని తెరచి చూడుడు. అందు స రి గ మ లు కలవు, గమకముల గుర్తులు కలవు. ఆ షడ్జమును ఏ మెట్టుమీద నిలుపవలెనో నిర్ణయించుకొనుట పాడువాని పని. మన క్రైస్తవ కీర్తనల పుస్తకమునందును పాటకు పైన రాగతాళముల పేర్లు అచ్చువేయబడియుండును. శ్రుతిని నిర్ణయించుట ఆ పూట పాట నెత్తుకొనువానికి విడువబడినది.

పంచరేఖలమీద వ్రాయు పాశ్చాత్యలిపి వేరు. అందు ప్రతి రేఖకును ఒక నియతమైన ధ్వని కలదు. ట్రెబుల్ క్లెఫ్ నందు రెండవ సందులోనున్న ఎ యను స్వరము సెకనునకు 440 కంపనములు గలదని నేడు లోకమున సామాన్యముగా అంగీకరింపబడినది. మద్రాసు వాస్తవ్యుడైన ఎ. ఎం. చిన్నస్వామి ముదలియారు 1893వ సంవత్సరమున మన కృతులను పాశ్చాత్యలిపిలో ప్రకటించెను. అట్టి పనికి పూనుకొనువాడు షడ్జమును ఏదో యొక రేఖమీదనో సందునందో నిలుపక తప్పదు. ఇచ్చటనే మన పద్ధతికిని వారి పద్ధతికిని భేదము తోచును.

ఐనను ఆ నియతమైన లిపియందే మన "కదలు షడ్జము"ను పోలిన వాద్యములు కొన్ని కలవు. వాటినే ట్రాన్స్‌పోజింగ్ వాద్యములందురు.

2. ట్రాన్స్‌పోజింగ్ వాద్యమనగా నేమి?

మన ఆరాధనలలో కీబోర్డు వాయించువారికి ట్రాన్స్‌పోజ్ అను మీట సుపరిచితము. సంఘమువారు 2 శ్రుతిలో పాడుచుండగా, వాయించువానికి 1 శ్రుతి మెట్లే అలవాటై యుండినచో, ఆ మీటను రెండుసార్లు పైకి నొక్కును. అప్పుడతని వ్రేళ్లు సి మెట్టుమీద నుండును, వినబడునది డి. స్కేల్ ఛేంజర్ హార్మోనియమునందు మెట్లపలకనే ప్రక్కకు జరిపి ఇట్టి పనినే చేయుదురు. గిటారు మెడకు కేపోను బిగించుటయు నిట్టిదే. వ్రేళ్ల కొక పేరు, చెవికి మరియొక ధ్వని.

బి ఫ్లాట్ క్లారినెట్ అనునది పుట్టుకతోనే ఆ మీటను రెండు మెట్లు క్రిందికి నొక్కియుంచిన వాద్యమని తలంచుడు. కాగితముమీద సి యని వ్రాసియున్నచో వాయించువాడు సి వ్రేళ్లను పెట్టును. వినబడునది బి ఫ్లాట్, అనగా 6½. కాగితముమీద 440 కంపనముల ఎ యున్నచో, వినబడునది సుమారు 392 కంపనముల జి. ఆ వాద్యమును బి ఫ్లాట్ వాద్యమనుటకు కారణ మిదియే: దాని సి మ్రోగినప్పుడు వినబడు స్వరము పేరే వాద్యమునకు బిరుదైనది.

మన పాఠశాల బ్యాండులలో కానవచ్చు వాద్యముల స్వభావ మిట్లుండును.

ఫ్లూటు, వయొలిన్, బాస్ క్లెఫ్ నందు వ్రాయబడు ట్రాంబోన్ – వ్రాసినదే మ్రోగును.

బి ఫ్లాట్ క్లారినెట్, బి ఫ్లాట్ ట్రంపెట్ – వ్రాసినదానికంటె రెండు అర్ధస్వరములు క్రింద మ్రోగును.

ఎఫ్ హార్న్ – ఏడు అర్ధస్వరములు క్రింద.

ఇ ఫ్లాట్ ఆల్టో శాక్సఫోన్ – తొమ్మిది అర్ధస్వరములు క్రింద.

బి ఫ్లాట్ టెనర్ శాక్సఫోన్, ట్రెబుల్ క్లెఫ్ నందు వ్రాయబడు యుఫోనియము – ఒక స్థాయియు రెండు అర్ధస్వరములును, అనగా పదునాలుగు అర్ధస్వరములు క్రింద.

గిటారు – ఒక స్థాయి క్రింద. పికోలో – ఒక స్థాయి పైన. ఈ రెంటియందు స్వరము పేరు మారదు, స్థాయి మాత్రమే మారును.

3. ఇట్టి ఏర్పాటు ఏల కలిగినది?

"వినబడునదే వ్రాసినచో ఈ చిక్కే యుండదు గదా" యని విద్యార్థులు అడుగుదురు. ఆ ప్రశ్న న్యాయమైనది. దీనికి రెండు కారణములు కలవు.

మొదటిది చరిత్రకు సంబంధించినది. పూర్వపు హార్న్, ట్రంపెట్టులకు నేటివలె వాల్వులు లేవు. ఒక గొట్టమునుండి దాని పొడవునకు తగిన కొలది స్వరములే వచ్చెడివి. పాట శ్రుతి మారినప్పుడు వాయించువాడు వేరు పొడవుగల చుట్టగొట్టమును వాద్యమునకు తగిలించుకొనెడివాడు. కాగితముమీద ఎల్లప్పుడును సి లోనే వ్రాయుచు, ఏ గొట్టమును తగిలింపవలెనో పైన సూచించుట వాడుకయైనది. స్టోల్జెల్, బ్లూమెల్ అను జర్మనులకు 1818వ సంవత్సరమున వాల్వుల విషయమై పేటెంటు లభించెను. అటుపిమ్మట గొట్టములు మార్చుకొను నవసరము క్రమముగా పోయినను, వ్రాయు పద్ధతి మాత్రము నిలిచినది.

రెండవది వాయించువాని సౌకర్యమునకు సంబంధించినది. ఇదియే నేటికిని బలమైన కారణము. అడాల్ఫ్ సాక్స్ అను బెల్జియము దేశస్థుడు 1846వ సంవత్సరమున శాక్సఫోను కుటుంబమునకు పేటెంటు పొందెను. ఆ కుటుంబమున చిన్నవి, పెద్దవి కలవు. వ్రేళ్ల అమరిక మాత్రము అన్నిటికిని ఒక్కటే. ఆల్టో నేర్చినవాడు టెనరును చేతబట్టినచో, కాగితముమీద చూచిన గుర్తునకు పాత వ్రేళ్లనే పెట్టవచ్చును. శ్రుతిభేదమును కాగితమును వ్రాసినవాడే ముందుగా సవరించి యుంచును. ఆంగ్లేయుల ఇత్తడి బ్యాండులలో ఈ పద్ధతి మరింత విస్తరించినది. బాస్ ట్రాంబోన్ తప్ప తక్కిన స్వరవాద్యములన్నిటికిని ట్రెబుల్ క్లెఫ్ నందే వ్రాయుదురు. కార్నెట్ నేర్చిన బాలుడు పెద్దవాడై పెద్ద బాస్ వాద్యమునకు మారినను మరల చదువ నేర్చుకొనవలసిన పని లేదు.

కాబట్టి ట్రాన్స్‌పోజింగ్ అనగా కష్టమును పంచుకొను నొక న్యాయము. వాయించువాని కష్టమును వ్రాయువాడు తన తలమీద పెట్టుకొనుచున్నాడు. వ్రాయువాడు తన పని మరచినచో ఆ భారము చెప్పకయే బాలుని నెత్తిన పడును.

వాద్యము ఒంటరిగా మ్రోగునప్పుడు ఈ చిక్కు తలయెత్తదు. శాక్సఫోనుమీద కర్ణాటక సంగీతమును వాయించి ప్రఖ్యాతి చెందిన కద్రి గోపాలనాథ్ (1949–2019) గారి వంటి విద్వాంసుని కచేరియందు శ్రుతిపెట్టెయు మృదంగమును ప్రధాన వాద్యపు షడ్జమునకే చేర్చబడును. అనేక వాద్యములు కాగితమును చూచి ఒకేసారి మ్రోగవలసినప్పుడే లెక్క కావలయును.

4. లెక్క కట్టు విధము

సూత్రము సులభము: వాద్యము ఎంత క్రిందికి మ్రోగునో అంత పైకి వ్రాయవలెను.

కీ సిగ్నేచర్ విషయమున ఇంకను సులభమైన గుర్తు కలదు. బి ఫ్లాట్ వాద్యమునకు రెండు షార్పులు కలుపవలెను. ఇ ఫ్లాట్ వాద్యమునకు మూడు. ఎఫ్ వాద్యమునకు ఒకటి. పాటలో ఫ్లాట్లు ఉన్నచో, కలుపవలసిన ప్రతి షార్పునకు బదులుగా ఒక ఫ్లాటును తీసివేయవలెను.

ఉదాహరణము: ఒక కీర్తనను 4 శ్రుతిలో, అనగా ఎఫ్ మేజరులో వాయింపవలెను. దాని కొక ఫ్లాట్ కలదు. ఫ్లూటునకు ఎఫ్ మేజరే. బి ఫ్లాట్ క్లారినెట్‌నకు ఆ ఒక్క ఫ్లాట్ పోయి ఒక షార్పు వచ్చును. అది జి మేజర్. ఆల్టో శాక్సఫోన్‌నకు రెండు షార్పులు. అది డి మేజర్. ఎఫ్ హార్న్‌నకు షార్పులు గాని ఫ్లాట్లు గాని యుండవు; అది సి మేజర్. నాలుగు కాగితములు నాలుగు రీతులుగా కనబడును. వాయించినప్పుడు మాత్రము ఒక్కటే కీర్తన, ఒక్కటే శ్రుతి.

ఇట్లు చేయక అందరికిని ఫ్లూటు కాగితమునే యిచ్చినచో, ఫ్లూటు ఎఫ్ అనునప్పుడు క్లారినెట్ ఇ ఫ్లాట్ అనును, ఆల్టో శాక్సఫోన్ ఎ ఫ్లాట్ అనును. పైన చెప్పిన అపశ్రుతికి మూల మిదియే.

శ్రుతిని ఎంచుకొనుటయందును కొంత దయ కావలయును. గాయకులు 3 శ్రుతి, అనగా ఇ మేజర్ కోరిరనుకొందము. అప్పుడు క్లారినెట్ బాలునికి ఆరు షార్పులును, ఆల్టో శాక్సఫోన్ బాలునికి ఏడు షార్పులును వచ్చును. ఏడు షార్పులకు బదులుగా ఐదు ఫ్లాట్ల డి ఫ్లాట్ మేజరులో వ్రాయవచ్చును గాని అదియు నేర్చుకొను బాలునికి సులభము కాదు. గాయకులు ఒక్క అర్ధస్వరము దిగి 2½ శ్రుతికి ఒప్పుకొన్నచో, క్లారినెట్‌నకు ఒక ఫ్లాట్ మాత్రమే యుండును. ఆల్టో శాక్సఫోన్‌నకు ఏమియు నుండదు. గాయకులకు అర్ధస్వరము స్వల్పము. వాద్యబాలురకు అదే పెద్ద ఉపకారము.

5. కంప్యూటరు సాధనములలో చేయవలసిన పని

స్వరలిపిని వ్రాయు సాధనములు నేడు పెక్కు కలవు. సిబేలియస్, డొరికో, లిలీపాండ్, మ్యూజ్‌స్కోర్ అనునవి ప్రసిద్ధములు. వీటిలో మ్యూజ్‌స్కోర్ ఉచితముగా లభించును. వెర్నర్ ష్వేర్ అను జర్మను 2002వ సంవత్సరమున దానిని ఆరంభించెను. దాని నాలుగవ రూపము 2022 డిసెంబరునందు వెలువడినది. పాఠశాలలకును సామాన్య కుటుంబములకును అది తగియున్నందున, ఉదాహరణములకు దానినే తీసికొందము. తక్కిన సాధనములయందును తత్త్వ మొక్కటే.

ఈ సాధనములలో ఒకదానితో నొకటి పొరబడదగిన పనులు మూడు కలవు. వీటి భేదమును గ్రహించినవానికి తక్కినదంతయు సులభము.

మొదటిది, వాద్యమును తెలుపుట. క్రొత్త స్కోరును ఆరంభించునప్పుడు ప్రతి పంక్తికిని వాద్యము పేరును ఎంచవలెను. "క్లారినెట్" అను మాటతో తృప్తిపడక "బి ఫ్లాట్ క్లారినెట్" అని స్పష్టముగా నెంచుడు. ఏలయనగా ఎ క్లారినెట్, ఇ ఫ్లాట్ క్లారినెట్ అనునవియు కలవు. ఇట్లు తెలిపినంతనే వ్రాసిన స్వరమునకును మ్రోగు స్వరమునకును ఎంత దూరమో సాధనము తనంతట తానే గ్రహించును.

రెండవది, చూపును మార్చుట. మ్యూజ్‌స్కోర్ నాలుగవ రూపమున తెరకు దిగువను కుడిప్రక్కన "కన్సర్ట్ పిచ్" అను మీట కలదు. దానిని నొక్కియుంచినచో అన్ని పంక్తులును మ్రోగు శ్రుతిలో కనబడును. విడిచినచో ఆయా వాద్యకారుడు చదువవలసిన రీతిగా కనబడును. ఈ మీటవలన వినబడు ధ్వనిలో ఏమార్పును కలుగదు. కంటికి కనబడు రూపము మాత్రమే మారును. ఒక మాటను తెలుగులిపిలో వ్రాసినను దేవనాగరిలో వ్రాసినను ఉచ్చారణ మారనట్లే యిదియును.

మూడవది, పాటనే మార్చుట. దీనికి "ట్రాన్స్‌పోజ్" అను ఆజ్ఞ వేరుగా కలదు. 4 శ్రుతిలోని కీర్తనను 2½ శ్రుతికి దించవలెనన్నచో దీనిని వాడవలెను. ఇందు ధ్వనియే మారును. ఒక్క క్లారినెట్ పంక్తిని సరిచేయుటకు దీనిని వాడరాదు. స్కోరంతటిని కొత్త శ్రుతికి తీసికొనిపోవుటకు వాడవలెను.

స్వరములను ఎక్కించునప్పుడు మీట ఏ స్థితిలో నుండవలెను? ఎదుటనున్న మూలమును బట్టి నిర్ణయించుకొనుడు. పియానోకొరకు అచ్చువేసిన కీర్తనను చూచి ఎక్కించుచున్నచో కన్సర్ట్ పిచ్ మీటను నొక్కియుంచవలెను. పాత క్లారినెట్ కాగితమునే చూచి ఎక్కించుచున్నచో ఆ మీటను విడువవలెను. తుదకు వాద్యకారుల కాగితములను అచ్చువేయుటకు ముందు మీట విడిచియున్నదో లేదో తప్పక చూచుకొనవలెను.

6. తరచుగా జరుగు పొరపాట్లు

రెండుమార్లు మార్చుట. ఒకడు కీర్తనను తానే లెక్కకట్టి జి మేజరులోనికి మార్చి వ్రాసికొనెను. మీట నొక్కియున్న స్కోరులో, బి ఫ్లాట్ క్లారినెట్ పంక్తియందు దానిని ఎక్కించెను. సాధనము దానిని మ్రోగు స్వరమని నమ్మి, అచ్చువేయునప్పుడు ఇంకను రెండు అర్ధస్వరములు పైకి జరిపి ఎ మేజరు చేయును. మనిషి యొకసారి, యంత్ర మొకసారి మార్చిరి. ఈ పనిని ఒక్కరికే అప్పగింపవలెను. యంత్రమునకు అప్పగించుటయే మేలు.

పియానో పంక్తిలో క్లారినెట్ పాటను వ్రాయుట. అచ్చువేసిన కాగితము వాద్యకారునికి సరిగానే యుండును. కాని కంప్యూటరు వినిపించునప్పుడు అది రెండు అర్ధస్వరములు ఎక్కువగా వినబడును. విన్న మరియొకడు తప్పని యెంచి "సరిచేసి" సరియైన కాగితమును చెరుపును. కంప్యూటరు వినిపించు ధ్వని మంచి సాక్షియే. వాద్యము పేరును సరిగా తెలిపినప్పుడే ఆ సాక్ష్యమును నమ్మవలెను.

కీబోర్డు మీటను మరచుట. కొన్ని కీబోర్డులలో ట్రాన్స్‌పోజ్ మీటను నొక్కియుంచినచో, కంప్యూటరునకు పోవు మిడి సంకేతములును మారిపోవును. ఆదివారపు ఆరాధనకై నొక్కిన మీట సోమవారపు స్కోరును చెరుపవచ్చును. ఎక్కించుటకు ముందు దానిని సున్నకు తేవలెను.

స్థాయిని చూడక వదలుట. స్వరము పేరు సరిపోయినంతమాత్రమున పని ముగియలేదు. క్లారినెట్‌నకు వ్రాయదగిన మిక్కిలి క్రింది స్వరము, ట్రెబుల్ క్లెఫ్ నందు మధ్యస్థాయి సి కంటె క్రిందనున్న ఇ. అంతకంటె క్రింద వ్రాసినది వాయింప వీలులేదు. వాద్యమునకు అందని స్వరములను మ్యూజ్‌స్కోర్ వేరురంగులో చూపును. ఆ రంగును నిర్లక్ష్యము చేయరాదు.

ఒక సాధనమునుండి మరియొక సాధనమునకు పంపుటయందలి నష్టము. మిడి రూపమున పంపినచో మ్రోగు స్వరములే పోవును. వ్రాసిన రూపము మిగులదు. మ్యూజిక్ ఎక్స్‌ఎమ్‌ఎల్ అను రూపమున వ్రాసిన స్వరమును, అది ఎంత దూరము మారి మ్రోగునో ఆ లెక్కయు రెండును నిలుచును. 1988వ సంవత్సరమున వెలువడిన ఫినాలే అను ప్రసిద్ధ సాధనమును ఇకమీదట వృద్ధిచేయబోమని దాని యజమానులు 2024 ఆగస్టునందు ప్రకటించిరి. ఒక్క సాధనమునందే దాచుకొన్న సంగీతము ఇట్టి ప్రమాదమునకు లోబడియుండును. కాబట్టి మన క్రిస్మసు కీర్తనల స్కోరులను మ్యూజిక్ ఎక్స్‌ఎమ్‌ఎల్ రూపమునను ఒక ప్రతి భద్రపరచుట వివేకము.

7. అందరికిని ఒక పరీక్ష

కాగితములు పంచిన తరువాత, కీర్తనను ఎత్తుకొనుటకు ముందు, బ్యాండు అంతయు ఒక్క బి ఫ్లాట్ ధ్వనిని కలిసి పలుకవలెను. ఫ్లూటును ట్రాంబోనును తమ బి ఫ్లాట్‌నే వాయించును. క్లారినెట్, ట్రంపెట్, టెనర్ శాక్సఫోన్ తమ సి ని వాయించును. ఆల్టో శాక్సఫోన్ తన జి ని, హార్న్ తన ఎఫ్ ని వాయించును. పేర్లు నాలుగు; ధ్వని మాత్రము స్థాయిభేదముతో ఒక్కటే. ఇది కుదిరిన పిమ్మట ప్రతివాడును తన కాగితమునందలి మొదటి స్వరమును పలుకవలెను. మొదటిది సరిపడి రెండవది చెడినచో దోషము కాగితమునందని తెలిసికొనవచ్చును.

ఈ పరీక్షను నేను ఇంతగా నొక్కిచెప్పుటకు కారణము కలదు. బ్యాండు కుటుంబమునుండి వచ్చిన ఒక బాలుడు తండ్రియొద్ద ట్రంపెట్ నేర్చియుండును. వ్రేళ్లు గట్టివి, చెవి పదునైనది. పాఠశాలలో అతనికి పియానో కాగితము నిత్తురు. వ్రాసినదానిని తప్పక వాయించును, అపశ్రుతి వినబడును. "నీకు శ్రుతిజ్ఞానము లేదు" అని తోటివారు నవ్వుదురు. చెవిని నమ్మి రెండు మెట్లు పైకి మార్చి వాయించినచో, "కాగితము చూచుట రాదు" అని మరల నిందింతురు. ఎటు చూచినను నింద అతనిదే. అట్టి బాలుడు ఒకటి రెండు దినములలో వాద్యమును పెట్టెలో పెట్టి మరల తీయకపోవచ్చును. తండ్రి విద్యయు తక్కువదని అతనికి తోచవచ్చును. ఒక మీటను విడువకపోయినందున ఇంత నష్టము! కాబట్టి ఉపాధ్యాయులకును, బ్యాండు నడుపువారికిని నా మనవి యిది: బాలుని తప్పుపట్టుటకు ముందు కాగితమును పరీక్షింపుడు. కంప్యూటరు పనియందు నేర్పరులైన తలిదండ్రులు పాఠశాలకు ఒక సాయంకాలము వచ్చి కాగితములను సరిచూచినచో, బ్యాండు వాద్యముల నెరిగిన తలిదండ్రులు అదే సాయంకాలమున వాటిని వాయించి చూపినచో, ఒకరు లేనిది మరియొకరికి తెలియని సత్యము ఇరువురకును తెలియును.

8. అభ్యాసములు

(1) గాయకులు 2 శ్రుతిలో, అనగా డి మేజరులో పాడుదురు. బి ఫ్లాట్ క్లారినెట్, ఆల్టో శాక్సఫోన్, ఎఫ్ హార్న్ – వీటికి ఏ కీ సిగ్నేచరులు వ్రాయవలెను?

(2) టెనర్ శాక్సఫోన్ కాగితముమీద ట్రెబుల్ క్లెఫ్ రెండవ రేఖపైనున్న జి కలదు. ఏ స్వరము మ్రోగును?

(3) స్కోరునందు కన్సర్ట్ పిచ్ మీటను నొక్కగా ట్రంపెట్ పంక్తియు ఫ్లూటు పంక్తియు అక్షరాల ఒక్కటిగా కనబడెను. మీటను విడిచినప్పుడును ఒక్కటిగానే కనబడెను. ఏమి పొరపాటు జరిగియుండును?

సమాధానములు: (1) క్లారినెట్‌నకు ఇ మేజర్, నాలుగు షార్పులు, ఆల్టో శాక్సఫోన్‌నకు బి మేజర్, ఐదు షార్పులు, హార్న్‌నకు ఎ మేజర్, మూడు షార్పులు. (2) మధ్యస్థాయి సి కంటె క్రిందనున్న ఎఫ్. (3) ఆ పంక్తికి బి ఫ్లాట్ ట్రంపెట్ అని తెలుపక, వ్రాసినట్లే మ్రోగు వేరొక వాద్యమును ఎంచియుందురు. వాద్యము పేరును సరిదిద్దినచో కాగితము తనంతట తానే సరియగును. బాలుడును నిర్దోషి యగును.